వర్తించదు

“దొంగ పొట్టివాడు,” అన్నారు ఎంక్వైరీగారు, కారు తలుపులోంచి తల బయటికి పెట్టి.

మెట్ల మీద నిలబడ్డ పిన్ని చేతిలో కాఫీ గ్లాసు ఒరిగింది. సగం కాఫీ మెట్టు మీద ఒలికిపోయింది.

“ఎలా చెప్పగలరండీ?”

“సీటు చూడు, ఎంత ముందుకి లాగి ఉందో. నేను కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. మహా అయితే నీ అంత ఎత్తుంటాడు. ఊఁ, రాసుకో.”

రాసుకోమన్నది కొడుకుని. మందుల షాపు తెరవాల్సిన వేళ దాటిపోతోంది. అయినా మూడున్నర పదుల ఆ కొడుకు నోరెత్తకుండా, తండ్రి ఇచ్చిన పుస్తకంలో ‘పొట్టి’ అని రాశాడు.

“దిండు,” అన్నారు ఎంక్వైరీగారు మళ్ళీ లోపల్నించి. “ఇది మన హాల్లో సోఫా మీది దిండు కాదూ?”

పిన్ని నిన్నటి హడావుడిలో సీటు వెనక్కి జరపడం మరిచిపోయింది, దిండు తియ్యడమూ మరిచిపోయింది. కారు మీద కవరు మాత్రం నాలుగు మూలలా లాగి, తాడు బిగించి శుభ్రంగా కట్టింది. ఏం లాభం? బంపరు నిండా ఇటుక పొడి.

“అంటే వాడు హాల్లోకి కూడా వచ్చాడన్నమాట. సోఫాలో కూర్చుని సేదతీరాడో ఏమో! ‘సాహసి’ అని రాయి.”

ఈ ఇంటికీ పక్కింటికీ మధ్యనున్న గోడ నిన్న మధ్యాహ్నం పన్నెండూ నలభైకి ఆరడుగుల మేర కూలి, అవతలివైపు పూలకుండీల మీద పడింది. ఎవరు కూల్చారో ముగ్గురికి తెలుసు. వెనక్కి పోవాల్సిన కారుని ముందుకి ఉరికించిన పిన్నికి తెలుసు. పక్క సీట్లో కూర్చుని, “బ్రేకు! పిన్నిగారూ, బ్రేకు! అది కాదు, దాని పక్కది!” అని కేకలు పెట్టిన పక్కింటి డ్రైవరమ్మకి తెలుసు. మేడ మీద కిటికీలోంచి అంతా చూసి, చటుక్కున తెర లాగేసిన కోడలికి తెలుసు.

తెలియనిదల్లా ఎంక్వైరీగారికీ, ఆయన చెప్పింది రాసుకునే కొడుక్కీ. ఆ వేళకి ఒకరు కాలనీ సంఘం ఆఫీసులో పేపర్లు తిరగేస్తున్నారు, ఇంకొకరు షాపులో దగ్గు మందు అమ్ముతున్నారు.

పిన్ని వీధి మొత్తానికీ పిన్నిగారే. ఆవిడకన్నా పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా అలాగే పిలుస్తారు. మనం ఇంట్లోవాళ్ళలాంటి వాళ్ళం కనక మనకి పిన్ని చాలు. ఎంక్వైరీగారి సంగతి వేరు. తప్పు చేసిన ఉద్యోగుల మీద ముప్ఫై నాలుగేళ్ళు విచారణలు జరిపి, రిటైరైన రోజున కుర్చీ అక్కడ వదిలేసి విచారణని మాత్రం ఇంటికి తెచ్చుకున్నారు. చక్కెర డబ్బాలో చీమలు పడితే విచారణ. గుమ్మం దగ్గర చెప్పులు తలకిందులుగా ఉంటే విచారణ. కాలనీ సంఘానికి అధ్యక్షుడయ్యాక వీధిలో కుక్కలు కూడా కాస్త ఒద్దికగా మొరుగుతున్నాయి.

“జుట్టుకి పెట్టుకునే క్లిప్పు!” ఆయన గొంతు ఉత్సాహంతో పైకి లేచింది. రెండు వేళ్ళతో దాన్ని ఎత్తి వెలుతురులో తిప్పి చూశారు. “దొంగతోపాటు ఓ ఆడమనిషి వచ్చింది. పక్క సీట్లో కూర్చుని ఉంటుంది.”

“క్లిప్పు డ్రైవరు సీటు కింద కదండీ దొరికింది?”

“దొర్లింది. వస్తువులన్నాక దొర్లుతాయి.” జేబులోంచి చిన్న డైరీ తీశారు. “రెండేళ్ళ కిందట, కంటి ఆపరేషనుకి వెళ్ళే ముందు కవరు కప్పుతూ మీటరు రాసిపెట్టుకున్నాను. ఇప్పుడు చూస్తే రెండువందల పద్నాలుగు కిలోమీటర్లు తేడా.”

రెండువందల పద్నాలుగా! పిన్ని నోరు దానంతటదే తెరుచుకుంది. తను నడిపింది నూరు దాటి ఉండదనుకుంది. భయం భయంగా ఉన్నా, ఎక్కడో లోపల కాస్త గర్వంగా అనిపించిన మాట నిజం.

“పెట్రోలు ఖాళీ చేసుంటాడు నాన్నా,” అన్నాడు కొడుకు.

“అదే విచిత్రం. నేను వదిలినదానికన్నా ఎక్కువుంది.”

“అంటే దొంగ పెట్రోలు పోయించాడా?”

“పోయించాడు. మర్యాదస్తుడు. అలాంటివాళ్ళే మరీ ప్రమాదం.” ఎంక్వైరీగారు కారు దిగి, నడుం పట్టుకుని, కూలిన గోడ సందులోంచి పక్కింటి పెరట్లోకి చూశారు. తీగ మీద డ్రైవరమ్మ యూనిఫాం చొక్కా ఆరుతోంది. ఆయన కళ్ళు చిన్నవయ్యాయి. “అర్థమైంది. అంతా అర్థమైంది! మన కారుతో డ్రైవింగ్ స్కూలు నడుపుతోంది ఆ డ్రైవరమ్మ. ఎవడో పొట్టివాడికి నేర్పుతోంది.”

పిన్ని గ్లాసు మెట్టు మీద పెట్టేసింది. ఇంకా పట్టుకుంటే పగిలేలా ఉంది. ఒక్క మాట తప్ప ఈయన అంతా సరిగ్గానే చెప్పేశారే!

“ఏవండీ, ఒకవేళ మన ఇంట్లోవాళ్ళే ఎవరైనా…”

“ఎవరు? నేనా? ఆపరేషనైన దగ్గర్నించీ స్టీరింగు ముట్టుకోలేదు. వీడా? ఆదివారం ఆదివారం ఇంజను స్టార్టు చెయ్యడానికే వీడికి చెమటలు పడతాయి. ఇంకెవరున్నారు ఇంట్లో?”

ఆ మాట ఆవిడ మొహంలోకి చూస్తూనే అడిగారు. జవాబు కోసం కూడా ఆగారు. పిన్ని ఏమీ అనకపోయేసరికి తల పంకించి, తన వాదన నెగ్గినట్టు లోపలికి నడిచారు.

“సాయంత్రం అయిదింటికి కమిటీ. ఎదురింటి పళ్ళడాక్టరుకి కబురు పెట్టండి. ఆవిణ్ణీ పిలవండి. ఆ తరవాత స్కూలుకి ఉత్తరం వెళ్తుంది.”

“స్కూలుకెందుకండీ?” పిన్ని వెనకాలే పరుగెత్తింది.

“ఎందుకంటావేమిటే! పసిపిల్లల బస్సు తోలే మనిషి. పరాయి కారు ఎత్తుకెళ్ళి గోడలు కూలుస్తుంటే ఊరుకుంటారా? రేపటికి ఆ సీట్లో ఇంకొకళ్ళుంటారు.”

“ఆవిడకి ఆ ఉద్యోగం తప్ప ఇంకేం లేదండీ.”

“అందుకే జాగ్రత్తగా చేసుకోవాల్సింది.”

పావుగంట సేపు బల్ల దగ్గర కూర్చుని ఏదో రాశారు. కవరులో పెట్టి, అంటించి, షాపుకి బయల్దేరిన కొడుకు చేతికిచ్చారు. “దార్లో ఇచ్చెయ్,” అన్నారు. పళ్ళడాక్టరుకి కబురై ఉంటుందనుకుంది పిన్ని. ఆవిడ ధ్యాసంతా ఇంకోచోట ఉంది.

*

ఎంక్వైరీగారి ఫైళ్ళకి ముడి వేసేది పిన్నే. ఆయన వేస్తే జారిపోతుంది. పెళ్ళయిన కొత్తలో ఓసారి విచారణ మధ్యలో ఫైలు ముడి ఊడి కాగితాలన్నీ ఫ్యాను కింద ఎగిరిపోయాయట. అప్పట్నించీ అది ఆవిడ పని. లోపలేముందో చూసే అలవాటు ఎప్పుడూ లేదు.

ఇవాళ చూసింది.

‘ఇంటి వ్యక్తుల వివరాలు’ అని పైన రాసి, కింద గీత గీసి ఉంది. ఒకటి, గృహస్థు: వాంగ్మూలం జతపరచడమైనది. రెండు, కుమారుడు: వాంగ్మూలం జతపరచడమైనది. మూడు, భార్య: వర్తించదు. నాలుగు, కోడలు: వర్తించదు.

మొదట హమ్మయ్య అనుకుంది. తను బయటపడ్డట్టే. టేపు లాగి ముడి వెయ్యబోయింది. మళ్ళీ ఆ మూడో వరసే చదివింది. అక్షరాలు గుండ్రంగా, తీరుబడిగా ఉన్నాయి. తడుముకున్న గుర్తు లేదు. దానికన్నా ‘అనుమానం ఉంది’ అని రాసినా బాగుండేది అనిపించింది ఆవిడకి.

“అత్తయ్యా, చెప్పేశారా?” మేడ దిగి వచ్చింది కోడలు. ఆఫీసు పని ఇంటి నుంచే చేస్తుంది కనక చెవులకి ఎప్పుడూ మైకున్న హెడ్‌ఫోను తగిలించుకునే ఉంటుంది.

“ఏం చెప్పనే! దొంగ పొట్టివాడని తేల్చేశారు. సాహసి అట కూడా.”

కోడలికి నవ్వు ఆగలేదు. మైకుని గబుక్కున చేత్తో మూసింది. అవతల ఎవరో, “మీరేమైనా అన్నారా?” అని అడుగుతున్నారు.

“నవ్వకు. ఇది చూడు.”

కోడలు వంగి చదివింది. నవ్వు ఎటో పోయింది. “అత్తయ్యా, ఆ టైములో ఇంట్లో ఉన్నది మనిద్దరమే. లేనివాళ్ళిద్దరి వాంగ్మూలం తీసుకుని, ఉన్నవాళ్ళకి వర్తించదని రాశారా మామయ్యగారు?”

“ఆయన అలా అనుకుని రాయలేదే. ఆయనకి తట్టలేదు, అంతే.”

“అదే కదా నేనంటున్నదీ!”

పిన్ని టేపు అందుకుంది. ముడి బిగించింది. రోజూకన్నా గట్టిగా బిగించింది.

*

పదకొండు కొట్టగానే ఎంక్వైరీగారు గొడుగు తీసుకుని కాలనీ ఆఫీసుకి బయల్దేరారు. ఇల్లు దొంగలపాలైనా ఆయన వేళ తప్పదు. ఆయన మలుపు తిరిగేదాకా గేటు దగ్గర నిలబడి, పిన్ని ఇటుకల మీద అడుగులు వేసుకుంటూ పక్కింటి పెరట్లోకి దిగింది.

డ్రైవరమ్మ గొంతుక్కూర్చుని విరిగిన కుండీల్లోంచి మొక్కలు వేరు చేస్తోంది. పొడగరి. పొద్దుటి ట్రిప్పుకీ మధ్యాహ్నం ట్రిప్పుకీ మధ్య ఈ రెండు గంటలే ఆవిడకి తీరిక. నాలుగు నెలలుగా ఆ తీరికంతా పిన్నికే ఇచ్చేసింది.

“ఎల్లుండే టెస్టు,” అంది తల ఎత్తకుండానే. “ఇండికేటరు అనుకుని వైపర్ వెయ్యకండి. అక్కడ వాన లేకుండా వైపర్ ఆడిందంటే ఫెయిలు చేస్తారు.”

“టెస్టు సంగతి తరవాత. నేను చెప్పేస్తానమ్మాయ్, ఆయనకి.”

“ఇప్పుడా? లైసెన్సు చేతికొచ్చాక చెప్పండి పిన్నిగారూ. ఇప్పుడు చెప్తే తాళాలు ఆయన తలగడ కిందకి వెళ్తాయి. మీ అక్కగారిని చూడాలంటే మళ్ళీ ఆదివారం కోసం ఎదురుచూడ్డమే.”

ఆ ఆదివారాల సంగతి పిన్నికి బాగా తెలుసు. అక్క ఊరికి అవతలి కొసన రెండో అంతస్తులో ఉంటుంది. తుంటి ఎముక విరిగాక కిందకి దిగలేదు. ‘ఆదివారం స్కూటరు మీద తీసుకెళ్తానమ్మా’ అంటాడు కొడుకు. ఆదివారం వస్తుంది, షాపుకి సరుకొస్తుంది. ఏడాదిలో మూడుసార్లు చూసింది అక్కని. మూడోసారి వెళ్ళినప్పుడు, ‘నువ్వు మారిపోయావే’ అంది అక్క. మారింది ఎవరో చెప్పలేక పిన్ని ఆవిడ జుట్టు దువ్వి జడ వేసి వచ్చింది.

మొదట అక్క కోసమే నేర్చుకుంది. తరవాత తరవాత, నిజం చెప్పాలంటే, స్టీరింగు కోసం. ఖాళీ మైదానంలో మొదటిసారి రెండో గేరు పడ్డప్పుడు ఆవిడ గట్టిగా నవ్వేసింది. అలా నవ్వి ఎన్నాళ్ళయిందో ఆవిడకే గుర్తు లేదు.

“స్కూల్లో…” అని మొదలుపెట్టింది పిన్ని. “మీ స్కూల్లో ఎవరైనా ఫిర్యాదు చేస్తే ఏం చేస్తారు?”

“ఒక్కటి చాలు. బస్సు తాళం తీసేసుకుంటారు. పిల్లల వ్యవహారం కదా.” డ్రైవరమ్మ వేళ్ళకంటిన మట్టి దులుపుకుంది. “పదకొండేళ్ళు. ఒక్క గీత పడనివ్వలేదు బస్సు మీద. ఏం, ఎందుకలా అడిగారు?”

ఆ మాట చెప్పడానికే వచ్చింది పిన్ని. నాలిక చివరిదాకా వచ్చింది కూడా. కానీ నాలుగిటుకలు ఎత్తి పక్కన పేర్చి, “సాయంత్రం అయిదింటికి నిన్ను రమ్మన్నారాయన,” అని మాత్రం అని, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేసింది.

ఆ పగలంతా ఆవిడ కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగింది. ఉతికిన బట్టలు మడత పెట్టి, విప్పి, మళ్ళీ మడత పెట్టింది. భోజనం దగ్గర ఎంక్వైరీగారికి మంచినీళ్ళు రెండుసార్లు ఇచ్చింది, అన్నం వడ్డించడం మరిచిపోయింది. రెండుసార్లు “ఏవండీ” అని పిలిచింది. రెండుసార్లూ ఆయన “నువ్వేం కంగారు పడకు, దొంగని నేను చూసుకుంటాను” అని ధైర్యం చెప్పారు. ఆ ధైర్యానికి ఆవిడకి ఏడుపొచ్చింది.

*

అయిదింటికి హాల్లో కుర్చీలు పడ్డాయి. పళ్ళడాక్టరు వస్తూనే గోడ గడియారం చూశాడు. ఆరింటికి ఆయన క్లినిక్కు. రాసే పని ఆయన మీద పడింది. మేడ మెట్ల మీద కోడలు కూర్చుంది. మీటింగు ఆమె చెవుల్లోనూ నడుస్తోంది, హాల్లోనూ నడుస్తోంది.

డ్రైవరమ్మ బస్సు దిగి సరాసరి వచ్చింది. యూనిఫాం చెమటకి తడిసి ఉంది. చూపించిన కుర్చీలో నిటారుగా కూర్చుంది.

“నిన్న పన్నెండూ నలభైకి మీరెక్కడున్నారు?” అన్నారు ఎంక్వైరీగారు.

“గోడ దగ్గర సార్.”

“మీవైపా, మావైపా?”

“మీవైపు.”

“ఈ కారులోనా?”

“అవును సార్.”

పళ్ళడాక్టరు పెన్ను ఆగింది. ఇంత త్వరగా తేలిపోతుందని ఆయన అనుకోలేదు. గడియారం వైపు ఆశగా చూశాడు.

“నడిపిందెవరు?”

డ్రైవరమ్మ, గుమ్మం పక్కన నిలబడ్డ పిన్ని వైపు పొరపాటున కూడా చూడలేదు. తన చేతుల్లోకి చూసుకుంది.

“ఆ పొట్టివాడెవడు?” ఎంక్వైరీగారు బల్ల మీద క్లిప్పునీ దిండునీ ముందుకి తోశారు. “పేరు చెప్పండి. మీకు శిక్ష తగ్గుతుంది.”

“చెప్పలేను సార్. మాటిచ్చాను.”

“అయితే కారు నడిపిందీ, గోడ కూల్చిందీ మీరేనని రాయాల్సొస్తుంది.”

“రాసుకోండి సార్.”

అంత మెల్లగా అంది ఆ మాట. పదకొండేళ్ళలో ఒక్క గీత పడనివ్వని మనిషి. పిన్నికి భయమంతా ఒక్కసారిగా కోపమైంది. ఆ కోపం ఎవరి మీదో ఆవిడకి తెలుసు: పొద్దున్నించీ నోరు మూసుకుని తిరిగిన తన మీదే.

“ఆ పొట్టివాణ్ణి నేనేనండీ.”

రోజంతా ఊళ్ళోవాళ్ళ నోళ్ళు తెరిపించే పళ్ళడాక్టరు తనే నోరు తెరిచి ఉండిపోయాడు.

“నువ్వా?” ఎంక్వైరీగారు నవ్వారు. వెక్కిరింపు కాదు, జాలిగా నవ్వారు. “ఇలాంటివాళ్ళని చాలామందిని చూశానే. ఎదుటి మనిషి మీద జాలితో నేరం నెత్తిన వేసుకుంటారు. నీ మనసు మెత్తన. లోపలికెళ్ళు.”

“సీటు ముందుకి లాగింది నేను. దిండు వేసుకుంది నేను. క్లిప్పు నాది, పెట్రోలు డబ్బాలో తెప్పించి పోసింది నేను. కవరు తాడు ముడి చూశారా? ఆ ముడి ఈ ఇంట్లో ఎవరికి వచ్చు?”

ఆయన చూపు దానంతటదే చేతిలోని ఫైలు మీదకి వెళ్ళింది. టేపు ముడి మీద బొటనవేలు ఆగింది. నవ్వు పెదాల మీద ఉంది కానీ కళ్ళలో లేదు.

“గేటు తీసింది నేను మామయ్యగారూ,” అంది మెట్ల మీంచి కోడలు. “నా వాంగ్మూలం కూడా రాసుకోండి.”

పిన్ని బల్ల దగ్గరికి వచ్చింది. ఆయన చేతిలోంచి ఫైలు తీసుకుంది. ముడి విప్పింది. పళ్ళడాక్టరు చేతిలో పెన్ను అందుకుని, మూడో వరసలో ‘వర్తించదు’ మీద అడ్డంగా గీత కొట్టింది. పక్కన ‘కారు నడిపింది, గోడ కూల్చింది నేనే. పక్కింటావిడ తప్పేమీ లేదు’ అని రాసి సంతకం పెట్టింది. పెన్నూ ఫైలూ బల్ల మీద పెట్టేసింది.

ఎంక్వైరీగారు ఆ సంతకం వైపు చాలాసేపు చూశారు.

“సంతకం ఎవరైనా పెడతారు,” అన్నారు చివరికి. “రుజువేదీ?”

“రండి చూపిస్తాను.”

*

కోడలు మైకు మెడకి జార్చుకుని రెండు రెక్కలూ తీసి గేటు పట్టుకుంది. అలవాటైన చెయ్యి అని చూడగానే తెలుస్తోంది. పిన్ని లోపల్నించి, దుప్పట్ల కింద దాచిన ఎర్ర ‘ఎల్’ అక్షరం బోర్డు తెచ్చి కారు వెనక అంటించింది. డ్రైవరమ్మ పక్క సీట్లో కూర్చుంది. వీధిలో రెండు మూడు గుమ్మాలు తెరుచుకున్నాయి.

“క్లచ్చి పూర్తిగా తొక్కండి,” అంది డ్రైవరమ్మ గొణిగినట్టు. “వెనక గేరు. ఈసారి చూసుకుని.”

పిన్ని చూసుకుంది. రెండుసార్లు చూసుకుంది. కారు మెల్లగా వెనక్కి కదిలి, గేటు స్తంభానికి జానెడు దూరంలోంచి జారుకుంటూ వీధిలోకి వచ్చి నిలబడింది. పళ్ళడాక్టరు క్లినిక్కు మరిచిపోయి చప్పట్లు కొట్టి, ఎంక్వైరీగారి మొహం చూసి చేతులు జేబులో పెట్టేసుకున్నాడు.

ఎంక్వైరీగారు గేటులో ఒక్కరే నిలబడ్డారు. ఇప్పుడేమంటారో! ‘దిగు’ అంటే ఏం చెయ్యాలో పిన్ని ఆలోచించుకోలేదు.

ఆయన వెనక తలుపు తీసి, ఫైలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

“కానియ్,” అన్నారు.

మొదటి గేరు. కారు ఓ కుదుపు కుదిపి కదిలింది. ఎదురింటి గోడలు, పార్కు చేసిన బళ్ళు, నోరెళ్ళబెట్టి చూస్తున్న మొహాలు ఒక్కొక్కటే వెనక్కి వెళ్తున్నాయి.

“ఎన్నాళ్ళనించి?” అన్నారు వెనకనించి.

“గేరు మారుస్తున్నాను. మాట్లాడించకండి.”

ముగ్గురూ ఉలిక్కిపడ్డారు. అందరికన్నా ఎక్కువగా పిన్ని. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన్ని నోరు మూసుకోమనడం ఇదే మొదలు. ఆయన మూసుకున్నారు కూడా. రెండో గేరు మెత్తగా పడింది.

వీధి చివర ఆగింది కారు. ఎడమకి తిరిగితే కాలనీ చుట్టూ తిరిగి మళ్ళీ ఇంటికే. కుడికి తిరిగితే పెద్దరోడ్డు. నాలుగు నెలల్లో డ్రైవరమ్మ ఒక్కసారి కూడా కుడికి తిరగనివ్వలేదు.

“ఎడమకి పిన్నిగారూ.”

పిన్ని మీట నొక్కింది. ఎండలో, పొడి అద్దం మీద వైపర్ బర్రుబర్రుమని ఆడింది. ఆవిడ తిట్టుకుంటూ దాన్ని ఆపింది.

“ఆగు,” అన్నారు ఎంక్వైరీగారు. ఆ గొంతు ఆవిడెప్పుడూ వినలేదు. “ఆ ఉత్తరం…”

“ఏ ఉత్తరం?”

“స్కూలుకి రాసింది. పొద్దున్నే అబ్బాయి చేత పంపించేశాను.”

పిన్ని అద్దంలోకి చూసింది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

“విచారణ జరక్కుండానా?”

“తేలిపోయిందనుకున్నానే.”

పక్క సీట్లో డ్రైవరమ్మ ముందుకి వంగి గడియారం చూసింది. “ప్రిన్సిపాల్ గారు ఆరింటికి టపా చూస్తారు,” అంది. “ఒక్కొక్క కవరూ ఆయనే చింపి చదువుతారు. బస్సు తాళాల పెట్టె ఆ బల్ల మీదే ఉంటుంది.”

కారులో గడియారం అయిదూ ముప్ఫై అయిదు చూపిస్తోంది.

“ఫోను చేద్దాం. నేను మాట్లాడతాను,” అన్నారు ఎంక్వైరీగారు.

“ఫోన్లో చెప్తే వినరు సార్. కాగితం మీద వచ్చింది కాగితం మీదే పోవాలంటారు. మీలాగే.”

ఆయన ఒళ్ళో ఉన్న ఫైలు మీద చెయ్యి వేశారు.

“ఆ కాగితం మీ దగ్గరే ఉంది కదండీ,” అంది పిన్ని. “నేను రాసింది. కింద అధ్యక్షుడి సంతకం ఒక్కటే లేదు.”

వెనకనించి ఎవరో హారను కొట్టారు. డ్రైవరమ్మ తలుపు మీద చెయ్యి వేసింది. “మీరిటు రండి, నేను నడుపుతాను.” బస్సు తిప్పిన ఆ చేతులు తలుపు పిడి పట్టుకోలేక వణుకుతున్నాయి.

“ఆ చేతులతోనా? కూర్చో అమ్మాయ్. ఎటో చెప్పు చాలు.”

“తొమ్మిది కిలోమీటర్లు పిన్నిగారూ. పెద్దరోడ్డు. రెండు సిగ్నళ్ళు.”

“ఎటో చెప్పమన్నాను.”

“కుడికి.”

పిన్ని చెయ్యి స్టీరింగు పక్కకి వెళ్ళింది. ఓ క్షణం ఆగింది. మీట నొక్కింది. ఈసారి వైపర్ కదల్లేదు. టిక్కు టిక్కుమని కుడివైపు దీపం కొట్టుకోసాగింది.

తిరిగే ముందు అద్దంలోకి చూసింది, డ్రైవరమ్మ నేర్పినట్టే. వెనక ఎంక్వైరీగారు ఫైలు తెరిచి, పెన్ను మూత తీసి పట్టుకుని ఉన్నారు. ఆ గీత కొట్టిన మాట వైపే చూస్తున్నారు. సంతకం మాత్రం ఇంకా పెట్టలేదు.